లియావ్ మాస్టారి స్వచ్ఛంద సేన

ఆ బుధవారం పొద్దున లియావ్ వెన్-హువాయ్ మూడే పనులు పెట్టుకున్నాడు. నాచులకి నీళ్లు చల్లడం, సోయా పాలు తాగడం, మధ్యాహ్నం పన్నెండులోగా ఇరవైనలుగురు శాస్త్రవేత్తలను పోగుచెయ్యడం. మొదటి రెండూ ఎనిమిదింటికల్లా అయిపోయాయి.

ఆయన దక్షిణ తైవాన్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో నాచు మీద పరిశోధన చేస్తాడు. నాచు ఏడాదికి వేలెడైనా ఎదగదు. ఆ వేగం ఆయన ఒంటికి పడింది. మహమ్మారి వల్ల క్లాసులు మూతపడి ఆవరణంతా నిర్మానుష్యంగా ఉంది. రాలిన తురాయి పూలను తొక్కడానికి కూడా ఎవరూ లేక దారులన్నీ ఎర్రగా నిండిపోయాయి. ఇంత అందమైన జూన్ నెల ఇంత చెడ్డ కాలంలో రావడమేమిటని ఆలోచిస్తూ, తన భవనం దాటి రెండు భవనాలు ముందుకి వెళ్లిపోయి, మళ్లీ వెనక్కి వచ్చాడు.

భార్య హుయ్-ఛిన్ ఊళ్లోని చేప సందు అనే వీధిలో చిక్కుకుని ఆ రోజుకి ఆరు రోజులు. చెల్లెలికి కాలు బెణికిందని, చేప ఉండల కొట్లో సాయంగా ఉందామని వెళ్లింది. మర్నాడే అక్కడ జబ్బు బయటపడి సందు రెండు చివరలా తాళ్లు కట్టేశారు. తొమ్మిది వందల మంది లోపలే ఉండిపోయారు. నమూనాలు తీసుకుని దూరంగా ఉన్న పెద్ద ఊరికి పంపారు కానీ, అక్కడ వరస ఎంత పొడుగుందో ఎవరూ చెప్పలేకపోతున్నారు. ఫలితం వస్తే గానీ ఎవరినీ వదలరు. భార్య లేని ఇల్లు వెన్-హువాయ్‌కి బొత్తిగా నచ్చలేదు. ఆమె దువ్వెన చూసినా ఏడుపొస్తోంది.

ముందురోజు ఆరోగ్య శాఖ నుంచి సెక్షన్ అధికారి తూ ఫోన్ చేసింది. "మాస్టారూ, మా దగ్గర పరీక్షలు చేసే యంత్రం ఒకటి ఖాళీగా పడుంది. గదులు మీకున్నాయి. పిపెట్టు పట్టడం వచ్చినవాళ్లు ఇరవైనలుగురి పేర్లు రేపు పన్నెండింటికల్లా ఇవ్వండి, యంత్రం మీది. చేప సందు నమూనాలు అక్కడే చూసుకోవచ్చు. లేదంటే పక్క జిల్లావాళ్లు కాసుక్కూచున్నారు."

పిపెట్టు పట్టేవాళ్లకేం కొదవ? జీవశాస్త్ర భవనంలో ఎనభై మంది ఉన్నారు. వెన్-హువాయ్ ఎనిమిదింపావుకి ఫోన్‌లో భవనం గ్రూపులో గొలుసు జాబితా మొదలుపెట్టాడు. ఇక్కడ ఏ పనికైనా అదే పద్ధతి. అన్నిటికన్నా కింద ఉన్న జాబితాని కాపీ చేసి, చివర తమ పేరు చేర్చి, మళ్లీ గ్రూపులో పెడతారు. పైన "చేప సందు వాళ్ల పరీక్షలకి సాయం చేసేవాళ్లు" అని శీర్షిక పెట్టి, ఒకటో నెంబరు దగ్గర తన పేరు రాసుకున్నాడు.

తొమ్మిదిన్నరకి యాభై మంది దాన్ని చూశారు. నలుగురు దండం బొమ్మలు పెట్టారు. ఎవరో చిందులేసే ఎలుగుబంటి బొమ్మని పంపారు. పేరు మాత్రం ఒక్కరూ రాయలేదు. అందరూ మంచివాళ్లే. ఇంకో నలుగురు రాశాక రాద్దామని అందరూ ఎదురుచూస్తున్నారు, అంతే.

అప్పుడు గ్రూపులోకి గ్వో అక్క వచ్చింది. ఆమె భవనం ఆఫీసు సూపరింటెండెంటు. పళ్లు, వెల్లుల్లి, పండగ పిండివంటలు అందరికీ కలిపి తెప్పించేది ఆమే. "చెట్టున పండిన మామిడి. రైతు సాయంత్రం నాలుగింటికి పక్క గేటు దగ్గరకి తెస్తాడు. పేర్లు రాయండి" అని తన జాబితా పెట్టింది. అంతే, పేర్లు జలజలా రాలాయి. రెండు పెట్టెలు, మూడు పెట్టెలు, మా అత్తగారికి ఒకటి.

ఆ వరద చూడలేక వెన్-హువాయ్ ఫోన్ జేబులో పెట్టుకుని నాచుల గదిలోకి వెళ్లి కూర్చున్నాడు. పైనుంచి సన్నటి తుంపర పడుతోంది. అద్దాల్లోంచి ఆకుపచ్చని వెలుతురు వస్తోంది. కన్ను మూతపడింది. కలలో ఆవరణంతా నీళ్లలో మునిగి ఉంది. తెల్లకోట్లు వేసుకున్నవాళ్లు ఒకరి వెనక ఒకరు చప్పుడు చెయ్యకుండా చేప సందు వైపు చేపల్లా ఈదుకుంటూ పోతున్నారు. మేడ మీది కిటికీలోంచి హుయ్-ఛిన్ వాళ్లకి మరమరాలు విసురుతోంది. చాలా హాయిగా ఉంది.

ఆయన కల కంటుండగా కింది అంతస్తులో జియాన్ పెద్ద మాస్టారు ఫోన్ తీశారు. ఆయనకి డెబ్బై ఎనిమిదేళ్లు. రిటైరై పదమూడేళ్లయినా రోజూ వస్తారు. పొద్దున చూసిన వెన్-హువాయ్ పిలుపుకి మనసు కరిగి, పేరు రాద్దామని గ్రూపు తెరిచారు. అన్నిటికన్నా కింది జాబితాలో నలభై ఒక్క పేర్లున్నాయి! సంతోషంతో ఒక్కో పేరూ వేలు పెట్టి లెక్కపెట్టుకున్నారు. అయితే పైన శీర్షిక మామిడిపళ్లు అని ఉంది. జనం ప్రాణాల కోసం పెట్టిన జాబితాకి ఎవడో ఇంత నిర్లక్ష్యంగా తప్పు శీర్షిక తగిలించాడని ఆయనకి ఒళ్లు మండింది. యాభై ఏళ్లుగా ఇతరుల వ్యాసాలు దిద్దిన చెయ్యి ఊరుకుంటుందా? మామిడిపళ్లు తీసేసి, సరైన శీర్షిక అతికించి, నలభై రెండో నెంబరు దగ్గర తన పేరు చేర్చి, గ్రూపులో పెట్టారు.

ఆ తర్వాత వచ్చిన పదిహేను మంది మామిడి ప్రియులు పద్ధతి ప్రకారం చివరి జాబితానే కాపీ చేశారు. శీర్షిక వైపు ఎవరూ చూడలేదు. ఏ జాబితాకీ ఎవరూ చూడరు.

పదకొండూ నలభైకి వెన్-హువాయ్ మేలుకుని ఫోన్ చూశాడు. తన శీర్షిక కింద యాభై ఏడు పేర్లు! కలలోని చేపలన్నీ నిజంగానే వచ్చేశాయనుకున్నాడు. వెంటనే జాబితాని తూకి పంపాడు. రెండు నిమిషాల్లో ఫోన్ మోగింది.

"మాస్టారూ, అడిగింది ఇరవైనలుగురిని. మీరు ఏకంగా సైన్యాన్నే పంపారే! అయితే ఒకటి చెప్పండి. పదిహేడు, హోంగ్ గారు, మూడు అని ఉంది. ఏంటది?"

"మూడు షిఫ్టులు అయ్యుంటాయి," అన్నాడు వెన్-హువాయ్. ఎప్పుడూ ముభావంగా ఉండే హోంగ్‌లో ఇంత త్యాగం ఉందని ఇన్నాళ్లూ తెలియనందుకు సిగ్గుపడ్డాడు.

"ముప్పై ఒకటి ఎదురుగా, మరీ ముగ్గినవి వద్దు అని రాశారు?"

వెన్-హువాయ్ క్షణం ఆలోచించాడు. "వయసు మీరినవాళ్లతో డ్యూటీ వెయ్యొద్దని కాబోలు. జియాన్ మాస్టారు కూడా పేరిచ్చారుగా."

"అయ్యో, కాస్త మర్యాదగా రాయొచ్చు కదండీ," అంది తూ. "సరే, నాలుగింటికి యంత్రంతో నేనే వస్తున్నా. లారీలు వచ్చేది పక్క గేటు నుంచే కదా?"

అదే సమయంలో గ్వో అక్క కూడా తన పని తాను చేసింది. చివరి జాబితాని చదవకుండా మామిడి రైతుకి పంపేసింది.

నాలుగింటికి పక్క గేటు దగ్గర యాభై మందికి పైగా మాస్కులతో, మనిషికీ మనిషికీ మధ్య మీటరున్నర ఎడంతో, చేతుల్లో సంచులతో నిలబడ్డారు. అప్పుడే వాన వెలిసి నేల మీంచి పొగలా ఆవిరి లేస్తోంది. అందులోంచి ఆరోగ్య శాఖ లారీ మెల్లగా వచ్చి ఆగింది. వెన్-హువాయ్‌కి అదంతా కల తరువాయిలాగే ఉంది. తూ దిగి, మైకు తీసుకుని పేర్లు పిలవడం మొదలుపెట్టింది.

"పదిహేడు! హోంగ్ గారు, మూడు!"

హోంగ్ సంచి తెరిచి పట్టుకుని వెళ్లాడు. అందులో మూడు తెల్లని రక్షణ సూట్లు పడ్డాయి. ఆయన ఒకదాన్ని పైకెత్తి వాసన చూశాడు. "ఇదేంటమ్మా? మామిడిపళ్లేవి?"

"మామిడిపళ్లేంటండీ? నమూనాలు రేపు పొద్దున వస్తాయి."

"నేను నమూనాలు అడగలేదే!"

వరసలో గుసగుసలు మొదలయ్యాయి. గ్వో అక్క అప్పటికే ఫోన్‌లో రైతుని నిలదీస్తోంది. "ఏం తమ్ముడూ, బండెక్కడ?"

రైతు గొంతు అందరికీ వినిపించింది. "ఎప్పుడో దింపేశానక్కా! చేప సందు మొదట్లో. పోలీసులే లోపలికి మోశారు. జాబితా మీద నువ్వే రాశావుగా, చేప సందు వాళ్లకి సాయమని? చదివి మా ఆవిడ ఏడ్చేసింది. మా తరఫున ఇంకో పది పెట్టెలు కలిపాం."

గ్వో అక్క నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. ఆమెని అలా చూడటం భవనంలో ఎవరికైనా అదే మొదటిసారి.

ఇంతలో వెన్-హువాయ్ ఫోన్‌లో హుయ్-ఛిన్ వీడియో వచ్చింది. వెనక మేడల మీద అందరి చేతుల్లోనూ మామిడిపళ్లే. ఒక ముసలామె పండుని రెండు చేతులా పట్టుకుని ఫోన్‌కి వంగి వంగి నమస్కారం పెడుతోంది. "హువాయ్! మీవాళ్లు ఇంత మంచివాళ్లని ఎప్పుడూ చెప్పలేదేం? వారం నుంచి మమ్మల్ని చూసి అందరూ మొహం తిప్పుకుంటున్నారు. పండు పంపింది మీరే!"

గేటు దగ్గరివాళ్లు ఖాళీ సంచుల్ని మడిచి వెనక దాచుకున్నారు.

ఇక్కడ నోరు మూసుకుంటే సరిపోయేది. వెన్-హువాయ్ అంతటి తెలివైనవాడు కాదు. యంత్రం ఉన్న లారీ వైపు ఒకసారి ఆశగా చూసి, తూ ముందుకెళ్లి తల వంచాడు. "తూ గారూ, ఈ జాబితా అబద్ధం. వీళ్లంతా పళ్ల కోసం వచ్చారు. నిజంగా సాయానికి వచ్చింది నేను, జియాన్ మాస్టారు. ఇద్దరమే. నా తప్పే. యంత్రం పక్క జిల్లాకే ఇచ్చెయ్యండి." ఆ మాట అంటుంటే ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"దిద్దుబాటు నాది," అన్నారు జియాన్ మాస్టారు వెనక నుంచి, కాస్త గర్వంగానే.

తూ మొహం పాలిపోయింది. ఫోన్ ఇంకా ఆన్‌లోనే ఉంది. అందులోంచి హుయ్-ఛిన్ గొంతు సన్నగా వినిపించింది. "అయితే పళ్లు వెనక్కి పంపమంటారా? మా చెల్లి అప్పుడే రెండు తినేసింది..."

హోంగ్ చేతిలోని సూటుని ఒంటికి ఆనించి కొలుచుకున్నాడు. "తిన్నవి ఎలా పంపిస్తారు వదినగారూ? ఉంచండి." తర్వాత తూ వైపు తిరిగి విసుగ్గా అన్నాడు, "నాకు ఎక్స్ఎల్ కావాలి. ఇది పట్టదు."

అప్పుడు గ్వో అక్క తేరుకుంది. మైకు లాక్కుంది. "అందరూ వినండి. ఒక పెట్టె రాసినవాళ్లు ఒక షిఫ్టు. మూడు రాసినవాళ్లు మూడు. అత్తగారి పేరు మీద రాసినవాళ్లు ఆవిడ షిఫ్టు కూడా చెయ్యాలి. వద్దనుకున్నవాళ్లు ఇప్పుడే చెప్పండి, పేరు కొట్టేస్తాను."

ఎవరూ చెప్పలేదు. గ్వో అక్క ఒకసారి పేరు కొట్టేస్తే మళ్లీ ఏ పండగకీ ఏ పండూ దొరకదు. అదీకాక, ఆ ముసలామె దండం ఇంకా అందరి కళ్లలోనూ ఉంది.

మర్నాడు పొద్దున యంత్రం తిరగడం మొదలైంది. శనివారం మధ్యాహ్నానికి తొమ్మిది వందల ఫలితాలూ తేలాయి. జబ్బున్న పదకొండు మందిని ఆసుపత్రికి తరలించి, తాళ్లు విప్పేశారు. తడి పూల దారిలో హుయ్-ఛిన్ నడిచి వస్తుంటే వెన్-హువాయ్ ఎదురెళ్లాడు. మొహం మీద మాస్కు గాట్లు, మూడు రోజుల గడ్డం. ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని, జరిగిందంతా పొల్లుపోకుండా చెప్పి, తిట్లు తినడానికి తల వంచుకుని నిలబడ్డాడు.

ఆమె ఆయన మొహం మీది గాట్లను వేళ్లతో తడిమింది. "నీకు ఏ పనీ చేతకాదని పెళ్లయినప్పట్నుంచీ తెలుసు," అంది. "ఇంత బాగా చేతకాదని మాత్రం ఇప్పుడే తెలిసింది."