మాస్టారి సొంతవాక్యం

మామగారి మీద కోడలికి ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన రిటైరై చాలా ఏళ్ళయింది గానీ, ఆయనలోని ఇంగ్లీషు మాస్టారికి ఇంకా లాంగ్ బెల్లు కొట్టలేదు.

ఆ రోజు ఆవిడ అనుకున్నది చిన్న పనే. పదింటికి బేకరీ యజమానురాలు వచ్చి కేకు రుచి చూస్తుంది. నచ్చిందంటే రోజూ ఆర్డరే. పెళ్ళయ్యాక మొట్టమొదటి సొంత సంపాదన. కేకుకి క్రీము పూస్తూ ఆవిడ పొయ్యి దగ్గరికి వెళ్ళలేకపోవడంతో కాఫీ బాధ్యత మాస్టారు నెత్తిన వేసుకున్నారు. కొడుకు ఒక గుక్క తాగి కప్పు దించాడు.

"నాన్నా, ఈ కాఫీ అట్రోషస్!"

మాస్టారికి కాఫీని అన్నందుకు కోపం రాలేదు. మాటని పాడుచేసినందుకు వచ్చింది.

"అట్రోషస్ అంటే ఏంటో తెలుసట్రా? పరమ క్రూరం! ఊచకోతలకి వాడే మాట. నా కాఫీ ఎవరి పీకైనా కోసిందా?"

"నా పీక దాకా వచ్చింది."

"వెటకారాలాపి సొంతవాక్యంలో ప్రయోగించు."

"ఆఫీసుకి టైమవుతోంది నాన్నా!"

"అయితే నేనే చెప్తా, విను." మాస్టారి గొంతు ఆఖరి బెంచీని వెతుక్కుంటూ లేచింది. "ముసలివాణ్ణి గదిలో పెట్టి గడియేసి, తిండి పెట్టకుండా మాడిస్తే, అదీ అట్రోషస్!"

గోడకి అవతల పక్కింటావిడ చేతిలో గరిట ఆగిపోయింది.

కొడుకు వాక్యం చెప్పకుండానే బయటపడ్డాడు. వాడు చెప్పేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టనని మాస్టారు టిఫిను ప్లేటు పక్కకి తోసేశారు. ఆయన కప్పులో కాఫీ కూడా పోసింది పోసినట్టే ఉండిపోయింది.

పది కావస్తుండగా కోడలు మెల్లగా అడిగింది. "మామయ్యగారూ, ఆవిడ వెళ్ళేదాకా మీ గదిలో ఉంటారా?"

"ఆవిడ ఇంగ్లీషు మాట్లాడుతుందా?"

"అందుకే అడుగుతున్నా."

ఆయన లోపలికి వెళ్ళగానే కోడలి చెయ్యి తనంతట తనే బయటి గడియ పెట్టేసింది.

పదింటికి వచ్చిన బేకరీ ఆవిడ చెంచాతో కేకు ముక్కని నోటి దాకా తీసుకెళ్ళింది. అప్పుడే కాలింగ్ బెల్లు మోగింది. గుమ్మంలో అపార్ట్‌మెంట్ సెక్రటరీ, ఆయన వెనక పక్కింటావిడ, ఆవిడ వెనక ఎందుకొచ్చారో తమకే తెలియని మరికొందరు.

"పెద్దాయన ఎక్కడమ్మా?" అన్నాడు సెక్రటరీ.

"గదిలో..." అంటూనే కోడలు నాలిక్కరుచుకుంది. అందరి కళ్ళూ గడియ మీదే ఉన్నాయి.

సెక్రటరీ తలుపు తీశాడు. "మాస్టారూ, భయపడకండి. ఏమైనా తిన్నారా?"

"పొద్దుట్నుంచీ ఏమీ ముట్టలేదు," అన్నారు మాస్టారు గర్వంగా.

"చూశారా! నా చెవులారా విన్నాను. ఈ పిల్ల మొహం చూస్తే ఇలాంటిదనుకుంటామా!" అంది పక్కింటావిడ.

"ఇది చాలా అట్రోషస్ అమ్మా," అన్నాడు సెక్రటరీ.

మాస్టారి మొహం వెలిగిపోయింది. "భేష్! పొద్దుట్నుంచీ ఈ ఇంట్లో ఆ మాటని సరిగ్గా వాడింది మీరొక్కరే."

బేకరీ ఆవిడ చెంచా కింద పెట్టి హ్యాండ్‌బ్యాగు అందుకుంది. "ఏమీ అనుకోకమ్మా, ఇలాంటి ఇంటి నుంచి కేకులంటే..." కోడలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి చూశాక గానీ మాస్టారికి పాఠం ఎక్కడికి పోయిందో అర్థం కాలేదు.

"అయ్యో, అది ఉదాహరణండీ! అబ్బాయి నా కాఫీని ఆ మాట అన్నాడు, అందుకని..."

"కాఫీని ఎవరైనా అంత మాటంటారా? వీళ్ళకి భయపడి దాస్తున్నారు పాపం," అంది పక్కింటావిడ.

కోడలు కళ్ళు తుడుచుకుని వంటింట్లోకి వెళ్ళింది. గిన్నెలో మిగిలిన కాఫీ వేడిచేసి మామగారితో సహా నలుగురికీ కప్పులందించింది. సెక్రటరీ ఒక గుక్క తాగి గోడ పట్టుకున్నాడు. పక్కింటావిడకి ఆ వాటాలోకి వచ్చిన ఇన్నేళ్ళలో మొదటిసారి మాట పడిపోయింది. బేకరీ ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుంది. మాస్టారు కూడా తాగారు.

"అట్రో..." అని ఆగిపోయారు.

"పూర్తి చెయ్యండి మామయ్యగారూ," అంది కోడలు. "సొంతవాక్యం."

మాస్టారు కప్పు దించి, హోంవర్కు చెయ్యని పిల్లాడిలా చేతులు కట్టుకున్నారు.

"నా కాఫీ అట్రోషస్. తప్పు నాదేనమ్మా, మాటలోనూ, కాఫీలోనూ. అబ్బాయే సరిగ్గా వాడాడు."

బేకరీ ఆవిడ గబగబా కేకు ముక్కంతా నోట్లో పెట్టుకుని, ఆహా అంటూ అక్కడికక్కడే ఆర్డరు ఖాయం చేసింది. ఆ కాఫీ తర్వాత ఏ కేకైనా అమృతమేనన్న సంగతి కోడలు ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు.