రాజుకీ రెండుకీ ఏం వరస?

ఇంట్లో సరదాగా పోకర్ ఆడుకునేవాళ్ళకి నేనిచ్చే సలహా ఒక్కటే. రూల్సు నేర్చుకోకండి! పొరపాటున తెలిసినా పైకి చెప్పకండి. ఎవరి ముక్కలు గెలిచాయో తేలకుండా ఉన్నన్నాళ్ళే ఆ ఇల్లు చల్లగా ఉంటుంది.

నవ్వుతున్నారు కదూ? నవ్వండి. కానీ ఒక్కటి చెప్పండి. ఆట ఎంతసేపు? ముక్కలు పంచడం, పెదవి కొరుక్కోవడం, బల్ల మీద పరచడం, అంతా కలిపి అయిదు నిమిషాలు. మరి గొడవ? అది మీ ఓపికని బట్టి! అయిదు నిమిషాల పని కోసం ఇస్త్రీ బట్టలు కట్టుకుని, రెండు బస్సులు మారి మన ఇంటికి ఎవరొస్తారండీ?

మా పళ్ళ డాక్టరుగారినే చూడండి. ఏ ముక్కలు వేటిని కొడతాయో అచ్చు వేయించి, లామినేషన్ చేయించి, హాల్లో గోడకి తగిలించారు. వారమంతా ఊళ్ళోవాళ్ళ నోళ్ళు తెరిపించే మనిషి ఇంట్లో ఇప్పుడు ఆదివారం ఎవ్వరూ నోరు తెరవడం లేదు. ఆటలన్నీ కలిపి నలభై నిమిషాల్లో అయిపోతున్నాయి. మిగిలిన సాయంత్రం ఏం చెయ్యాలో తోచక దంపతులిద్దరూ కర్టెన్లు ఏ రంగువి కొనాలో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ప్రస్తుతం ఇద్దరికీ మాటల్లేవు. కర్టెన్లకి చార్టు ఎక్కడా దొరకడం లేదట!

మేము అలాంటి తెలివితక్కువ పని చెయ్యలేదు. ఒకే ఒక్క ఆటని ఎనిమిదేళ్ళపాటు తేలకుండా కాపాడుకొచ్చాం.

కేసు వివరాలు మనవి చేస్తాను. ఒక ఆదివారం మధ్యాహ్నం మా భోజనాల బల్ల చుట్టూ నలుగురం కూర్చున్నాం. నేను, మా ఆవిడ, వాళ్ళక్క, ఆవిడ భర్త. అంటే మా తోడల్లుడు, వరసకి నాకు అన్న. ఉద్యోగం సర్వేయరు. టేపు పెట్టి కొలవనిదే గోడని కూడా గోడని ఒప్పుకోరు. నా కాలమ్ ప్రతివారం ఎర్ర పెన్సిలు పట్టుకుని చదివి, తప్పులకి సున్నాలు చుట్టి, ఆదివారం తెచ్చి నా ముందు పెట్టే ఏకైక పాఠకుడు ఆయనే.

పందెం గుండీలు. మా ఆవిడ టైలరింగ్ షాపులో మిగిలిపోయినవి. నేను మూడు తొమ్మిదులు పరిచి, గుండీల మీద చెయ్యి వేశాను. ఆయన నా చెయ్యి తీసి పక్కన పెట్టి తన ముక్కలు పరిచారు. ఇస్పేటు రాణి, డైమను రాజు, కళావరు ఆసు, ఆఠీను రెండు, ఆఠీను మూడు.

"వరస!" అన్నారు.

అయిదూ వరసలో ఉంటే మూడు తొమ్మిదులు ఓడిపోతాయి. అది నాకూ తెలుసు.

"ఇదేం వరస అన్నయ్యా? ఆసు రాజు పైనైనా ఉండాలి, రెండు కిందైనా ఉండాలి. నడుమ కూర్చుంటే ఎలా?" అన్నాను.

ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. "తమ్ముడూ, అసలు నువ్వెవరు, నేనెవరు? మధ్యలో ఈ అక్కాచెల్లెళ్ళు ఉన్నారు కాబట్టి మనకి అన్నదమ్ముల వరస కలిసింది. రాజుకీ రెండుకీ మధ్య ఆసు లేదూ? మనకి కలిసిన వరస వాటికెందుకు కలవదు?"

చెప్పండి, దీనికి ఏ కోర్టులో జవాబుంది? నా దగ్గరా లేదు. అందుకని గట్టిగా అరిచాను.

కేసు తేలేదాకా ఎవరూ ముట్టకూడదని గుండీలన్నీ బిస్కెట్ల డబ్బాలో పోసి ఫ్రిజ్ మీద పెట్టాం. అప్పట్నుంచి ప్రతి ఆదివారం మూడింటికల్లా అన్నయ్యా వదినా హాజరు. ఇద్దరం పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. ఆయన గడియారం చూపించి, "పన్నెండు తర్వాత ఒంటిగంట కాదూ?" అనేవారు. నేను క్యాలెండరు చూపించి, డిసెంబరు తర్వాత మేకుకి కొత్తది తగిలించాలనేవాణ్ణి. మా ఆవిడా వాళ్ళక్కా వంటింట్లో హాయిగా కబుర్లు చెప్పుకునేవాళ్ళు.

నాకు ఆపరేషన్ అయినప్పుడు ప్రతివాది ఎక్కడ తప్పించుకుంటాడో అని అయిదు రోజులు ఆయన ఆస్పత్రిలోనే ఉన్నారు. మత్తు దిగి కళ్ళు తెరవగానే వినిపించిన మొదటి మాట, "ఇప్పుడైనా ఒప్పుకుంటావా?" అని. సొంత అన్న ఉన్నా అంతకంటే ఏం చేసేవాడు?

అలాంటి కేసులో నెల కిందట ఒక పెద్దమనిషి వేలు పెట్టాడు. వాదన మంచి పాకాన పడిన సమయంలో జేబులోంచి ఫోను తీశాడు. ప్రశ్న టైపు చేశాడు. జవాబు పైకి చదివాడు: "ఇది వరస కాదు."

రెండు సెకన్లు! ఎనిమిదేళ్ళ కేసు!

అన్నయ్య కుర్చీ వెనక్కి జరిపారు. లేచి, ఫ్రిజ్ మీది డబ్బా దింపి నా ముందు పెట్టారు. "అయితే వరస లేదన్నమాట" అన్నారు మెల్లగా. టీ సగం తాగి వెళ్ళిపోయారు.

తర్వాతి ఆదివారం ఆఫీసులో పని అన్నారు. ఆపై వారం తలనొప్పి అన్నారు. మొన్న ఆదివారం ఏ కారణమూ చెప్పలేదు. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడుస్తాడంటారు. నేను ఇంట్లోనే గెలిచాను కాబట్టి దారిఖర్చులు కలిసొచ్చాయి.

డబ్బా విప్పి చూశాను. ఏ రెండు గుండీలూ జత కుదరలేదు. "వీటినేం చేసుకుంటారు? చొక్కాకి కుట్టమంటారా?" అంది మా ఆవిడ. ఆవిడా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు.

ఇంతకీ ఆ పెద్దమనిషి ఎవరంటారా? ఫోను నాదే. వేలూ నాదే.

కనుక పత్రికాముఖంగా అప్పీలు చేసుకుంటున్నాను. ఫోనుకి ముక్కలు తెలుసు గానీ చుట్టరికాలు తెలీవు. దాని తీర్పు చెల్లదు. అలాగని అది వరసేనని నేను ఒప్పుకున్నట్టు కాదు! ఒప్పుకుంటే కేసు మళ్ళీ తేలిపోతుంది. ఒకసారి తేల్చుకుని పడుతున్నది చాలు.

ఇంకో సంగతి. పైన రాణిని ఇస్పేటని రాశాను. ఈపాటికి ఒక ఇంట్లో దాని చుట్టూ ఎర్ర పెన్సిలుతో సున్నా పడి ఉంటుంది. పడనివ్వండి. కాదనేవారు ఆదివారం మూడింటికి మా ఇంటికొచ్చి రుజువు చెయ్యాలి. డబ్బా మళ్ళీ ఫ్రిజ్ మీద పెట్టాను. ఫోను బీరువాలో ఉంది, తాళంచెవి మా ఆవిడ దగ్గరుంది.

అన్నయ్యా, అది ఇస్పేటు రాణే.