కోతల పండుగలో ఖోఖో కప్పు

"భద్రాచలం అడవి నుంచి కూసుమంచి దాకా నేరం చేద్దామనుకునేటోడు ఎవడైనా సరే, ముందు ఒక్కసారి నా మొహం గుర్తు చేసుకోవాలె. చేసుకున్నడా, చెయ్యి వణుకుతది!"

ఈ ప్రకటన చేసే సమయానికి జస్టిన్ తన ఎస్టీడీ బూత్‌లో కూర్చుని జిరాక్స్ మిషన్‌లో ఇరుక్కున్న కాగితాన్ని పట్టుకారుతో లాగుతున్నాడు. వణుకుతున్న చెయ్యి అతనిదే.

అది 2006 డిసెంబరు. ఊళ్ళో కాస్త కలిగినవాళ్ళందరి జేబుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చేశాయి. ఎస్టీడీ బూత్‌కి మనిషి రావడం మానేశాడు. ఖాళీగా కూర్చున్నకొద్దీ మేధస్సు పెరుగుతుందని జస్టిన్ కనిపెట్టి, విజిటింగ్ కార్డు కొట్టించుకున్నాడు. "జస్టిన్, ప్రైవేట్ డిటెక్టివ్. జిరాక్స్, లామినేషన్ కూడా చేయబడును." ఇంతవరకు అతని చేతికి వచ్చిన కేసు ఒక్కటే, తల్లాడలో తప్పిపోయిన మేక. అది తనంతట తాను ఇంటికి చేరాక కూడా ఇతను ఇంకో వారం వెతికాడు.

నా పేరు ఇన్నయ్య. పేపరుకి మండల విలేకరిని. సోమవారం సోమవారం జిల్లా ఎడిషన్లో వచ్చే "బడి ముచ్చట్లు" నేనే రాస్తాను. ఫలానా బడిలో మొక్కలు నాటారు, ఫలానా పాప వ్యాసరచనలో ద్వితీయ బహుమతి పొందింది, ఇలాంటివి. జస్టిన్, నేను ఒకే బెంచీ మీద చదువుకున్నాం. ఆ పాపానికి శిక్ష ఇంకా అనుభవిస్తున్నాను.

ఆ వారం నాకు పెద్ద వార్త దొరికింది. మా తునికిబండ హైస్కూలు ఆడపిల్లలు జిల్లా ఖోఖో పోటీల్లో గెలిచారు. ఫైనల్లో ఓడింది ఎర్రుపాలెం వైపు జట్టు. బడి పుట్టిన నాటి నుంచి మొదటి కప్పు ఇదే. గెలిచిన రోజే పిల్లలు దాన్ని మోసుకొచ్చారు గానీ, సోమవారం జిల్లా ఆఫీసరును పిలిపించి ఆయన చేతుల మీదుగా మళ్ళీ ఇప్పించాలని హెడ్‌మిస్ట్రెస్ తబితా మేడం ఏర్పాటు చేసింది. నేను ఆ వార్త ముందే పంపేశాను కూడా.

శనివారం సాయంత్రం మేడం ఫోన్ చేసింది. కప్పు లేదు.

"హత్య కంటే ఘోరమైన నేరం," అన్నాడు జస్టిన్, బూత్ షట్టర్ దించుతూ. "హత్యలైతే శవమన్నా ఉంటది."

మేము వెళ్ళేసరికి మేడం తన గది ముందు నిలబడి ఉంది. ఆవిడ రోజూ పాల్వంచ నుంచి బస్సులో వచ్చి పోయే మనిషి. అప్పటికే ఆఖరి బస్సు గురించి కంగారు పడుతోంది. వరండా మెట్ల మీద వాచ్‌మెన్ బొజ్జయ్య తల వంచుకుని కూర్చున్నాడు. పక్కనే అతని కూతురు ప్రమీల. తొమ్మిదో తరగతి, ఖోఖో జట్టు కెప్టెన్.

"తాళం పగలలేదు," అంది మేడం. "పొద్దున బల్ల మీద చూసిన. సాయంత్రం లేదు. తాళంచెవి బొజ్జయ్య దగ్గరనే ఉంటది. నేను ఏమనుకోవాలె?"

"నేను తియ్యలే మేడం," అన్నాడు బొజ్జయ్య.

బొజ్జయ్యది అడవి పక్క గూడెం. బడిలో అతనిది పర్మనెంటు కొలువు కాదు. జనవరి నుంచి వాచ్‌మెన్ అక్కర్లేదని పైనుంచి మాట వచ్చింది. సోమవారం ఆఫీసరు వచ్చినప్పుడు అతన్ని ఉంచమని మేడం స్వయంగా అడుగుదామనుకుంది. ఇప్పుడు ఏ మొహంతో అడుగుతుంది? పైగా కప్పు దొరక్కపోతే పోలీసులకు రాసివ్వక తప్పదు. వాళ్ళొస్తే ముందు జీపెక్కించేది అతన్నే. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు. ప్రమీలకు మరీ బాగా తెలుసు.

"కప్పు గెలుచుకొచ్చింది మేం," అంది ఆ పిల్ల. "మా నాయన ఎందుకు ఎత్తుకపోతడు?"

"నిందితుని బిడ్డ సాక్ష్యం చెల్లదు," అన్నాడు జస్టిన్.

"మరి నీదేం చెల్లుతది?"

జస్టిన్ ఆ ప్రశ్నను గాలికి వదిలేసి గదిలోకి నడిచాడు. తాళం వేసే గది బడిలో అదొక్కటే కావడంతో మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు కూడా అందులోనే ఉంటాయి. వాటికి ఆనుకునే బల్ల. బల్ల కింద నాలుగు బియ్యపు గింజలు. జస్టిన్ మోకాళ్ళ మీద కూలబడి, ఒక గింజను లామినేషన్ ముక్క మీదకు ఎత్తి, కిటికీ వెలుగులో పెట్టి చూశాడు.

"తలంబ్రాలు," అన్నాడు.

"ఏంది?"

"భద్రాచలం తలంబ్రాలు మేడం. దొంగలు గోదావరి అవతలి నుంచి వచ్చిన్రు. దారిలో దర్శనం చేసుకున్నరు. ఇది అంతర్రాష్ట్ర ముఠా పని."

"తలంబ్రాల్లో ముత్యాలుంటయి గదా?"

"ముత్యాలు ఏరుకోకుంట వదిలితే వాళ్ళు దొంగలెట్ల అయితరు?"

"సీతారాముల కల్యాణం చైత్రంలో గదయ్యా. ఇది డిసెంబరు."

"అంటే అప్పటి నుంచే ప్లాన్ చేస్తున్నరు!"

మేడం నా వైపు చూసింది. నేను బియ్యం బస్తాల వైపు చూశాను. ఆవిడ నిట్టూర్చి, బొజ్జయ్య చేతిలోంచి తాళంచెవి తీసుకుని తన సంచిలో వేసుకుంది. బొజ్జయ్య ఖాళీ అయిన అరచెయ్యిని లుంగీకి తుడుచుకున్నాడు. నాకు చాలా బాధేసింది.

మర్నాడు పొద్దున జస్టిన్ మా ఇంటికి వచ్చాడు. నల్లకళ్ళద్దాలు, మంకీ క్యాప్.

"నడువ్‌రా. దొంగ సొత్తు అమ్మాలంటే వేలం కావాలె. ఇయ్యాల మా చర్చిలో కోతల పండుగ. వేలం ఉన్నది. ముఠా అక్కడికి రాక తప్పదు."

"చర్చి వేలంలో సొరకాయలు అమ్ముతరు గాని కప్పులు అమ్ముతరా?"

"అందుకే ఎవనికీ అనుమానం రాదు."

మాది ఆర్.సి.ఎం., కేథలిక్ చర్చి. అయినా ఎవరి పండుగకైనా పిలిస్తే పోతాను. కోతలైపోయాక వాళ్ళ సంఘంలో ప్రతి ఇంటివాళ్ళూ కొత్త పంటలో మొదటి ఫలం తెచ్చి దేవుని ముందు పెడతారు. బియ్యం గంపలు, గుమ్మడికాయలు, కోళ్ళు, చెరుకు గడలు. పాస్టరయ్యగారు ప్రార్థన చేశాక వాటన్నిటినీ పందిట్లో వేలం వేస్తారు. వచ్చింది చర్చికి. ఒకసారి పీఠం ముందు పెట్టాక ఊరికే తిరిగి తీసుకోవడం ఉండదు. తమ కోడి తమకే కావాలంటే తామే పాట పాడి కొనుక్కోవాలి. పక్కింటివాళ్ళు కావాలని పాట పెంచుతారు. అదొక సరదా.

వేలం వేసే సంఘపెద్ద శాంతికుమార్ గారు ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. కిక్కిరిసిన బస్సులో కూడా ఒక్క టికెట్టు వదలని మనిషి. పందిట్లో ఎవరి వేలు కదిలినా ఆయనకు అది పాటే.

జస్టిన్ ముందు వరసలో కూర్చుని నన్ను వెనక కూర్చోబెట్టాడు. "చెవి ముట్టుకుంటే ముఠా మనిషి కుడిపక్కన ఉన్నట్టు. ముక్కు ముట్టుకుంటే ఎడమపక్క. చెయ్యి ఎత్తితే ఉరికొచ్చి పట్టుకో." అతని అనుమానమంతా మోతీలాల్ మీద. తండా నుంచి ఏటా వచ్చి కోళ్ళు కొనుక్కునే పెద్దమనిషి. ఆరోజు ఆయనకు పాపం జలుబు చేసి, మాటిమాటికీ లేచి బయటికెళ్ళి చీది వస్తున్నాడు.

మోతీలాల్ కుడివైపు లేచాడు. జస్టిన్ చెవి ముట్టుకున్నాడు.

"జస్టిన్ పాట!" అన్నారు శాంతికుమార్ గారు. సొరకాయలు జస్టిన్‌వి అయ్యాయి.

మోతీలాల్ ఎడమవైపు వచ్చాడు. జస్టిన్ ముక్కు ముట్టుకున్నాడు. ఒక కోడిపుంజు వచ్చి అతని ఒళ్ళో పడింది. "ఈ ఏడు జస్టిన్ మీద పరిశుద్ధాత్మ బలంగా పనిచేస్తున్నది," అన్నారు శాంతికుమార్ గారు. జనం చప్పట్లు కొట్టారు.

తర్వాత గుడ్డ కప్పిన గంప ఒకటి వచ్చింది. పైన కొత్త బియ్యం కనిపిస్తున్నాయి. మా బడి వంటమ్మ సవరమ్మ లేచి నిలబడింది. గంప ఆమెదే. ఆమే పాట మొదలుపెట్టింది. మామూలుగా అయితే అక్కడితో అయిపోయేది.

మోతీలాల్ తుమ్మాడు. జస్టిన్ చెవి ముట్టుకున్నాడు.

సవరమ్మ పెంచింది. జస్టిన్ ముక్కు. సవరమ్మ మళ్ళీ పెంచింది. చెవి. ఆమె కొంగు ముడి విప్పి చూసుకుని ఇంకోసారి పెంచింది. ఈసారి గొంతులో ఏడుపు వినిపించింది. ఒక బియ్యం గంప కోసం మనిషి అంత తల్లడిల్లడం నేనెప్పుడూ చూడలేదు. ఇక చాలు, ఆపరా అని జస్టిన్‌కి చెయ్యి ఊపాను.

"ఇన్నయ్య గారు కూడా!" అన్నారు శాంతికుమార్ గారు. "ఆర్.సి.ఎం. వాళ్ళు కూడా మన పండుగలో పాలు పొందుతున్నరు!"

జస్టిన్ వెనక్కి తిరిగి నా చెయ్యి చూసి, ముఠా దొరికిందనుకుని తనూ చెయ్యి ఎత్తాడు. గంప అతని పేర కొట్టేశారు. సవరమ్మ ఉన్నచోటనే కూలబడింది. జస్టిన్ పర్సు మర్చిపోయి వచ్చాడు కాబట్టి సొరకాయలకీ, పుంజుకీ, గంపకీ నేనే కట్టాను.

బయట వేపచెట్టు కింద గంప దించామో లేదో, సవరమ్మ పరుగెత్తుకొచ్చింది.

"జస్టిన్ తమ్ముడూ, నీకు దండం పెడత. ఆ గంప నాకియ్యి."

జస్టిన్ నోరు తెరిచేలోపు చంకలోని పుంజు జారింది. కొత్త బియ్యం చూసింది. ఎగిరి గంపలో పడి రెండు కాళ్ళతో గీరింది. బియ్యం నలుదిక్కులా చిమ్మి, లోపలి నుంచి ఇత్తడి రంగు చెవి ఒకటి బయటపడింది. కప్పు చెవి.

జస్టిన్ అది చూడలేదు. పుంజు అప్పటికే పాస్టరయ్యగారి పెరట్లోకి పారిపోతుంటే దాని వెంట పడ్డాడు.

"ఏందక్కా ఇది?" అన్నాను.

సవరమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. బియ్యం తీసుకోవడానికి ఆ గదికి ఆమె దగ్గర కూడా ఒక తాళంచెవి ఉంటుంది. ఎప్పటినుంచో ఉంది గనుక ఎవరికీ గుర్తుకురాలేదు.

"ఈ ఏడు మా మడి మొత్తం చీడ తిన్నదయ్యా. గింజ రాలే. ఈ బియ్యం కూడా కొన్నయే. దేవుని ముందట ఏం పెట్టాలె నేను? రోజూ ఆ పిల్లలకు వండిపెట్టిన. వాళ్ళు ఉరికి గెలిచిన్రు. ఇగ గదే నా పంట అనుకున్న. ప్రార్థన అయినంక నేనే పాడుకొని, రేపు పొద్దుగాల బల్ల మీద పెడదామనుకున్న. వీడు అడ్డం పడ్డడు."

"బొజ్జన్నను దొంగ అంటున్నరు. తెలుసా?"

ఆమె మొహంలో రంగు పోయింది. తెలియదు. శనివారం వంట కాగానే ఇంటికి వెళ్ళిపోయింది.

"అయ్యో దేవా! రేపే మేడంకు చెప్త. నా కొలువు పోతే పోనియ్యి."

నేను మేడంకి ఫోన్ చేసి కప్పు దొరికిందని చెప్పాను. ఆవిడ దేవునికి స్తోత్రం అంది. వెంటనే, "ఎవరు తీసిన్రో తేలకపోతే బొజ్జయ్య గురించి ఆఫీసరును నేనెట్ల అడుగుత?" అంది. ఆ ప్రశ్నకు జవాబు నా పక్కనే నిలబడి ఏడుస్తోంది. ఇద్దరిలో ఎవరి కూడు పోవాలో నేను చెప్పలేకపోయాను. రేపు మాట్లాడదాం మేడం అని పెట్టేశాను.

జస్టిన్ ఒంటినిండా ముళ్ళతో, పుంజుతో తిరిగొచ్చాడు. గంపలో కప్పు చూశాడు. మెల్లగా నల్లకళ్ళద్దాలు పెట్టుకున్నాడు.

"నేననుకున్నదే అయింది. నన్ను చూసి ముఠా భయపడ్డది. దొరికిన గంపలో కప్పు పడేసి పారిపోయింది. పాపం, సవరక్క గంపనే దొరికింది వాళ్ళకు. ఏడవకక్కా, నేనున్న."

సోమవారం సవరమ్మ ఉతికిన చీర కట్టుకుని పెందలాడే వచ్చింది. కానీ ఆఫీసరు ఇంకా పెందలాడే వచ్చేశాడు. ఆమె మేడం దాకా వెళ్ళేలోపు ప్రార్థనాగీతం మొదలైంది. అది అయిపోగానే, ఎవరూ పిలవకుండా జస్టిన్ మైకు పట్టుకున్నాడు. అంతర్రాష్ట్ర ముఠా, గోదావరి దారి, ఏరుకున్న ముత్యాలు, తన మొహం చూసి పారిపోవడం, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాడు. పిల్లలు నోళ్ళు తెరిచి విన్నారు. ఆఫీసరు కూడా.

"ఈ బడికి వాచ్‌మెన్ ఉన్నడా?" అని అడిగాడు ఆఫీసరు.

"ఉన్నడు సార్," అంది మేడం. "వచ్చే నెల నుంచి ఉండడు."

"అడవి పక్క బడి, ముఠాలు తిరుగుతుంటే వాచ్‌మెన్‌ను తీసేస్తరా? ఎవరి తెలివమ్మా ఇది?"

ఎవరి తెలివో చెప్పడానికి ఎవరూ సాహసించలేదు.

"అతన్నే ఉంచుండ్రి. ఇయ్యాలనే కాగితం పంపిస్త."

సవరమ్మ సగం లేచి అలాగే నిలబడిపోయింది. మేడం సంచిలోంచి తాళంచెవి తీసి, అందరూ చూస్తుండగా వరండా దాకా నడిచి బొజ్జయ్య చేతిలో పెట్టింది. "తప్పు నాది బొజ్జయ్యా," అంది. ప్రమీల కప్పును నెత్తి మీదికి ఎత్తింది. జట్టంతా అరిచింది. నా కెమెరాలో ఆ ఫొటో కొంచెం కదిలింది గానీ, అదే పంపాను.

మధ్యాహ్నం భోజనాల దగ్గర సవరమ్మ ఆగలేకపోయింది. బొజ్జయ్యకు వడ్డిస్తూ, నా ఎదుటే, జరిగినదంతా చెప్పేసింది. బొజ్జయ్య ముద్ద కలపడం ఆపాడు.

"రెండు రోజులు నా బిడ్డ అన్నం తినలేదక్కా," అన్నాడు.

"నా తప్పే బొజ్జన్నా. ఇప్పుడే పోయి ఆ ఆఫీసరుకు చెప్త. జీపు ఇంకా పోలే."

బొజ్జయ్య జీపు వైపు చూశాడు. నడుముకు కట్టుకున్న తాళంచెవిని తడిమి చూసుకున్నాడు. చుట్టుపక్కల ఎవరూ వినడం లేదని రూఢి చేసుకుని గొంతు తగ్గించాడు.

"వద్దక్కా. ముఠా ఉంటెనే నా కొలువు ఉంటది. ఉండనియ్యి."

సవరమ్మ కళ్ళు తుడుచుకుని అతని పళ్ళెంలో ఇంకో గరిటె పప్పు వేసింది.