ప్రస్థానం పెట్టిన విమానం

శుక్రవారం పదకొండింటికి కడపలో విమానం లేవాలి. అందులోని ఆరువందల నేతచీరలు సాయంత్రం ఐదులోగా చెన్నై దుకాణం చేరాలి. చేరకుంటే పండుగ బేరమంతా మరమగ్గాల పాలవుతుంది. నేతగాళ్ల సంఘాధ్యక్షురాలు రామేశ్వరమ్మ ఆ ఉదయం నిద్ర లేచింది ఈ లెక్కతోనే. సంఘమూ, ఒక బెంగళూరు కంపెనీ చెరిసగంగా స్థాపించిన సరుకుల విమానసంస్థకు అదే తొలి ప్రయాణం. విమానాశ్రయంలో శాలువాలు, షామియానా, రెండు వందల కుర్చీలు, అన్నీ అమరాయి. అయితే పదకొండింటికి రాహుకాలం.

"టైము మారదు మేడమ్. ఆకాశంలో మనకిచ్చిందే ఆ గంట" అన్నాడు కంపెనీ మేనేజరు గోపీనాథ్ ఫోనులో.

"మారకుంటే పోనీలేప్పా. ప్రస్థానం పెడ్తాం" అంది రామేశ్వరమ్మ.

మంచి ఘడియలో బయలుదేరలేనివారు ఆ ఘడియలో ఒక మూటను ముందుగా వేరొకరి ఇంట ఉంచి, వెళ్లేటప్పుడు తీసుకుపోవడం ఆ ఊరి ఆచారం. ఏడున్నరకు ఆమె ఒక చీరల మూటను ఊరి చివర సుంకన్న లారీ షెడ్డులో పెట్టించింది. సంగతి వీధిలో పొక్కింది.

"మంచి గడియ నీ మూటకేనా? నా చీరలేం పాపం జేసినాయి?" అంటూ నాగప్ప తన మూట మోసుకెళ్లాడు. వెనక బసమ్మ, ఆమె వెనక వీధి మొత్తం. ఎనిమిదికల్లా ఆరువందల చీరలూ షెడ్డులో కొలువుదీరాయి.

తొమ్మిదికి రామేశ్వరమ్మ జీపులతో వెళ్లేసరికి షెడ్డు ఖాళీ. సుంకన్న భార్య హంపమ్మ నింపాదిగా ఊడుస్తోంది.

"మూటలు యాడమ్మే?"

"మా ఆయప్ప మద్రాసుకు ఎత్తుకోనిపాయె గదక్కా. శుక్రవారం గదా! లోడు నిండినాదని, ఎర్రగుంట్లలో సిమెంటుకు ఆగకుండా నేరుగా పాయె."

"ఫోను జెయ్యి!"

"బండి మీద ఉంటే ఎత్తడక్కా. బుద్ధిమంతుడు."

పద్నాలుగేళ్లుగా ప్రతి శుక్రవారమూ ఆ సరుకు మోసినవాడు సుంకన్నే. ఇక నీతో పని లేదని అతనికి చెప్పే బాధ్యతను సంఘంలో ప్రతివారూ పక్కవారికి అప్పగించారు. రామేశ్వరమ్మకు తల కొట్టేసినట్టయింది.

విమానాశ్రయంలో గోపీనాథ్ పరుగెత్తుకొచ్చాడు. "పత్రికలవాళ్లు వచ్చేశారు మేడమ్! ఏదో ఒకటి ఎక్కించండి!"

"ఈడ కుర్చీలు తప్ప ఏముండాది నాయనా?"

కుర్చీలే ఎక్కాయి. అతిథులు నిలబడి చప్పట్లు కొట్టారు.

చెన్నైలో అధికారులు కాగితాల్లో చీరలను, కళ్లెదుట కుర్చీలను చూసి విమానాన్ని కదలనివ్వలేదు. చీకటి పడకముందే కంపెనీ ఒప్పందం తెంచుకుంది.

బేరం పోయిందనుకొని, క్షమాపణ చెప్పడానికి రామేశ్వరమ్మ దుకాణానికి ఫోను చేసింది.

"ఎప్పుడూ శనివారం దిగే సరుకు ఈరోజు రెండున్నరకే దిగిందమ్మా!" అన్నాడు యజమాని. "విమానమంటే విమానమే! ఆ లారీతో ఇన్నేళ్లూ వృథా చేశాం."

"అబద్ధం నా నోట రాదు సామీ. తెచ్చింది సుంకన్న లారీనే."

మరునాడు ఆమె సంఘాన్నంతా షెడ్డుకు నడిపించి, అతని దగ్గర దాచిన విమానం సంగతి చెప్పి, అందరిచేతా సుంకన్నకు క్షమాపణ చెప్పించింది. అతను తల గోక్కున్నాడు.

"అంత బిరీన గావాలని ముందే జెప్పింటే, దావలో టీకి గూడా ఆగకుండా పోయిందును గదక్కా!"

సోమవారం విమానసంస్థ మూసివేత పత్రంలో 'కారణం' అన్న గడి ఎదురైనప్పుడు, రామేశ్వరమ్మ గుండ్రని అక్షరాలతో 'విమానానికి వేగం చాలలేదు' అని రాసింది.