నాలుగు డిగ్రీల కాపురం

కాకినాడలో ఫ్రిజ్‌లకు కరెంటు తీసేసి ఇంటివాళ్ల అనుమానంతో నడపడం మొదలుపెట్టాక, ఆ వీధి మొత్తంలో ఇందుమతి ఇంట్లో ఫ్రిజ్ ఒక్కటే సరిగ్గా చల్లబడలేదు.

పథకం మంచిదే. కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. అనుమానం అలా కాదు, ఒకసారి వచ్చిందంటే పోదు. మొగుడూ పెళ్లాల మధ్య అది ఓ మోస్తరుగా ఉంటే చాలు, ఫ్రిజ్ నాలుగు డిగ్రీల దగ్గర నిలబడుతుంది. ఎదురు ఫ్లాట్ సత్యవేణి రోజూ మొగుడి ఫోన్ తీసి చూస్తుంది గనక వాళ్లింట్లో ఐస్‌క్రీమ్ రాయిలా ఉంటుంది. సంబంధం కోసం వచ్చినవాళ్లు పిల్లకన్నా ముందు ఫ్రిజ్ తలుపు తీసి చూస్తున్నారు.

ఇందుమతి ఫ్రిజ్‌లో పాలు సాయంత్రానికే విరిగిపోయేవి. పాలు పోతే పోయాయి, అత్తగారు రత్తమ్మ ఇన్సులిన్ కూడా అందులోనే ఉంది. రెండుకీ ఎనిమిదికీ మధ్య ఉంటేనే ఆ మందు పనిచేస్తుంది. రత్తమ్మ కాలి బొటనవేలి మీద పుండు మానడం లేదు. ఇలాగే ఉంటే వేలు తీసేయాల్సి వస్తుందని డాక్టరు చెప్పాడు.

శీతల శాఖకు ఫిర్యాదు చేస్తే ఇంజనీరు పరంజ్యోతి స్వయంగా వచ్చాడు. గ్లాసుడు నీళ్లలో థర్మామీటరు వేసి నడిమి అరలో పెట్టాడు. తలుపు రబ్బరులో కాగితం ఇరికించి లాగి చూశాడు. గోడకీ ఫ్రిజ్‌కీ మధ్య జానెడు ఖాళీ ఉందో లేదో కొలిచాడు. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. థర్మామీటరు మాత్రం పదకొండు చూపించింది.

"ఫ్రిజ్ తప్పేం లేదమ్మా. మీ ఇంట్లో అనుమానం బొత్తిగా లేదు. అత్తగార్లున్న ఇళ్లలో మామూలుగా ఈ కంప్లయింటు రాదే?"

రత్తమ్మ మంచం మీంచే జవాబిచ్చింది. "నాకెవరున్నారు బాబూ అనుమానించడానికి? ఆయనతోనే ఆ ఓపికా పోయింది."

పరంజ్యోతి తల ఊపి ఇందుమతి వైపు తిరిగాడు. "మీవారిని రోజుకో ప్రశ్న అడగండి. జవాబు విని నమ్మకండి. అంతే."

"ఆయన అబద్ధం చెప్పరండీ."

"అదేనమ్మా మీ రోగం! ఒకటి గుర్తుంచుకోండి, ఒక్కరే మొదలెట్టాలి. ఇద్దరూ మొదలెడితే గడ్డకట్టేస్తది. గడ్డకట్టిన ఇన్సులినూ పారబొయ్యడమే. థర్మామీటరు ఇక్కడే ఉంచుతున్నా, చూసుకుంటూ ఉండండి."

ఆ సాయంత్రం పోర్టు ఆఫీసు నుంచి వచ్చిన భర్త చక్రధరాన్ని ఇందుమతి గుమ్మంలోనే అడిగింది. "ఎక్కడికెళ్లారండీ?"

"ఆఫీసుకే. దార్లో కొబ్బరికాయ కొన్నాను."

కొబ్బరికాయ చేతిలోనే ఉంది. ఆమె నమ్మేసింది.

తల్లి వేలు కోసం చక్రధరం కూడా నడుం కట్టాడు. రేపు ఆలస్యంగా వస్తాను, కంగారుపడకు అని ముందే చెప్పి ఆలస్యంగా వచ్చాడు. థర్మామీటరు కదల్లేదు. చొక్కా మీద పొడవాటి వెంట్రుక వేసుకుని వచ్చాడు.

"ఎవరిదండీ ఇది?"

"నీదేనే. పొద్దున్న దువ్వెనలోంచి తీశాను."

ఆ తర్వాత అతను ముందుగా చెప్పడం మానేశాడు. ఒకరోజు బాగా పొద్దుపోయి వచ్చి, ఎక్కడికెళ్లారంటే "ఊరికే, అలా" అన్నాడు. పాపం ఫ్రిజ్ కోసం ఎంత నటిస్తున్నాడో అని ఇందుమతి లోలోపల నవ్వుకుంది. గిన్నెలు కడుగుతుండగా ఆమె చెయ్యి ఆగింది. నిజంగా నటనేనా?

వెనకాల, ఇన్నాళ్లూ మూగగా ఉన్న ఫ్రిజ్ గుర్రుమంది. తలుపు తీసి చూస్తే నాలుగు.

పాలు విరగడం ఆగింది. రత్తమ్మ పుండు ఆరడం మొదలైంది. అంతా కుదుటపడిందనుకుంటుండగా థర్మామీటరు మూడుకు దిగింది. తర్వాత రెండు. ఒకటి దగ్గరికి వచ్చేసరికి గోంగూర పచ్చడి మీద మంచు పలుకులు కనిపించాయి.

ఇందుమతి తన అనుమానాన్ని తరచి చూసుకుంది. నిన్న ఎంతుందో ఇవాళా అంతే. మరి మిగతాది ఎక్కణ్నుంచి వస్తోంది? హాల్లోకి తొంగి చూసింది. సెలవురోజు కావడంతో ఇంట్లోనే ఉండి టీవీ చూస్తున్నట్టు కూర్చున్న చక్రధరం కళ్లు బల్ల మీదున్న ఆమె ఫోన్ మీద ఉన్నాయి.

"నన్నెందుకండీ అనుమానిస్తున్నారు?"

"రోజూ ఆలస్యంగా వస్తున్నా ఒక్కమాట అనవేం? నేను లేకపోతే నీకు హాయిగా ఉన్నట్టుంది."

"ఫ్రిజ్ కోసమేగా అని ఊరుకున్నాను!"

"నేను వెళ్లిందీ ఫ్రిజ్ కోసమే కదా?"

ఫ్రిజ్ ఇంకా గట్టిగా గుర్రుమంది. ఇందుమతి పరుగెత్తి ఇన్సులిన్ సీసా తీసి గుప్పిట్లో పట్టుకుంది. ఇంకా గడ్డకట్టలేదు. కానీ బయట ఎండ మండిపోతోంది, ఎంతసేపని పట్టుకుంటుంది?

"ఎవరో ఒకరు నమ్మాలండీ. మీరు నమ్మండి."

"ముందు నువ్వు నమ్ము."

"అమ్మాయ్, ఇంజెక్షన్ వేళయింది," లోపలి నుంచి రత్తమ్మ కేకేసింది.

చక్రధరం తలదించుకున్నాడు. "వంతెన మీద నించుని పడవలు చూస్తానే. అంతే."

"ఒక్కరేనా?"

"ఒక్కణ్నే. మరి నువ్వు?"

"సీరియల్ చూస్తానండీ."

"అంతేనా?"

"అంతే."

పూర్తిగా నమ్మాలనే ఇద్దరూ ప్రయత్నించారు. థర్మామీటరు ఒకటి నుంచి లేచి, రెండు దాటి, మూడు దాటి, నాలుగు దగ్గర ఆగింది. ఆపైన కదల్లేదు. ఇందుమతి సీసాను మళ్లీ లోపల పెట్టింది. మిగిలిపోయిన ఆ కాస్త అనుమానం గురించి ఇద్దరూ ఇక మాట్లాడుకోలేదు.

తనిఖీకి వచ్చిన పరంజ్యోతి చూసి తృప్తిపడ్డాడు. "సరిగ్గా కుదిరిందమ్మా. ఇంక కదపకండి. చాలా ఇళ్లలో జీవితాంతం ఇలాగే నిలబడుద్ది."

రత్తమ్మ వేలు దక్కింది. చూడ్డానికి వచ్చిన చుట్టాలు చల్లటి నీళ్లు తాగి, చక్కటి కాపురమని మెచ్చుకున్నారు. వాళ్లు వెళ్లాక రత్తమ్మ కూడా ఓ గ్లాసు అడిగి పుచ్చుకుంది.

"బానే ఉన్నాయి గానీ, మీ మామగారి రోజుల్లో ఇంతకన్నా చల్లగా ఉండేవే."

"అప్పట్లో ఏ ఫ్రిజ్ ఉండేది అత్తయ్యా?"

"ఫ్రిజ్ ఎక్కడిదమ్మా," అంది రత్తమ్మ గ్లాసు తిరిగిస్తూ. "వంటింట్లో మట్టికుండ. పొద్దున్నే మూత తీస్తే పైన ఐసు కట్టి ఉండేది."

ఇందుమతి గ్లాసు కడిగి బోర్లించింది. ఫ్రిజ్ తలుపు రబ్బరులో కాగితం ముక్క ఇరికించి లాగి చూసింది. రాలేదు. గట్టిగానే పట్టుకుని ఉంది.