ఓబులేసన్న నెత్తురు పాట

ఆ ఆదివారం పొద్దున సుబ్బరాయుడు అనుకున్న పని చిన్నది. తన పాటను నూరుల్లా చేత క్లారినెట్ మీద ఊదించుకుని వినాలి, తిరిగొచ్చి బొరుగులతో ఉగ్గాని చేసుకుని తినాలి. ఆయన ప్రొద్దుటూరు కాలేజీలో జువాలజీ లెక్చరర్. భార్య పోయాక సాయంత్రాలు కాలేజీ కంప్యూటరు దగ్గర గడుపుతున్నాడు. మనిషి రక్తంలోని హిమోగ్లోబిన్‌ను తయారుచేసే జన్యువు అక్షరాల వరుస పుస్తకంలో ఉంటుంది. ఆ అక్షరాలను మూడేసి చొప్పున తీసుకుని, ఒక్కో గుంపుకు ఒక్కో స్వరం ఇచ్చే ప్రోగ్రాం రాశాడు. పాటను కంప్యూటరే కట్టింది.

వీధి చివర బ్యాండుసెట్టు నడిపే నూరుల్లా ఆ స్వరాలు ఊదుతుండగా, అతని భార్య దిల్షాద్‌బీ అడగకుండానే సుబ్బరాయుడికి టీ తెచ్చిచ్చింది. పాట బాగానే ఉంది. అప్పుడే లింగాల నుంచి, ఎన్నికల్లో నిలబడుతున్న ఫ్యాక్షన్ నాయకుడు ఓబులేసు మనిషి, నామినేషన్ ఊరేగింపుకు బ్యాండు మాట్లాడుకోవడానికి వచ్చాడు.

“ఏం పాటప్పా ఇది? యాడా ఇన్లేదే.”

“నెత్తురులోంచి తీసిన పాట. మా సార్ తీసినాడు,” అన్నాడు నూరుల్లా.

మరునాడు ఐసు ఫ్లాస్కులో ఓబులేసు రక్తం వచ్చింది. పులివెందులలో కాంపౌండరు చేత తీయించారట. వెనకే ఓబులేసూ వచ్చాడు.

“మూడు తరాలుగా వెనక్కి తగ్గని వంశం సార్ మాది. ఆ నెత్తురు ఎట్లుంటాదో జనం ఇనల్ల.”

“రక్తం చదివే మిషను నా దగ్గర లేదప్పా. ఇది పుస్తకంలోది. అందరిదీ...”

నూరుల్లా ఆయన మోచేయి గిల్లాడు. “అట్లనే అన్నా, తీసిస్తాడు.”

ఓబులేసు వెళ్లాక నూరుల్లా గొంతు తగ్గించాడు. “నోరు మూసుకో సార్, నీకు పుణ్యముంటాది. పెండ్లిండ్లకంతా ఇప్పుడు టేపురికార్డర్లే. ఈ ఎలచ్చన్లు గూడా పోతే బ్యాండు అమ్ముకోని కువైట్ పోవాల్సిందే.”

సుబ్బరాయుడు నోరు మూసుకున్నాడు. సంగతి ఓబులేసు ప్రత్యర్థి జమ్మలమడుగు వీరన్న చెవిన పడింది. వారం తిరక్కుండానే ఆయన ఫ్లాస్కు కూడా వచ్చింది. కాస్త పెద్ద ఫ్లాస్కు.

“రెండోది రవంత మార్చు సార్,” అన్నాడు నూరుల్లా.

“ఈ వరుసలో ఒక్క అక్షరం మారినా జబ్బు నెత్తురైపోవచ్చు. ఆయనకు లేని జబ్బు నేను అంటగట్టను.”

చేసేది లేక నూరుల్లా బ్యాండును రెండుగా చీల్చాడు. ఓబులేసు సగానికి నిదానంగా, వీరన్న సగానికి దుడుకుగా, అదే పాట నేర్పాడు.

నామినేషన్ రోజు రెండు ఊరేగింపులూ చెరో వైపు నుంచి ప్రొద్దుటూరు ఎన్నికల ఆఫీసు ముందుకొచ్చాయి. సుబ్బరాయుడిని ఓబులేసు తన జీపులోనే కూర్చోబెట్టుకున్నాడు. సీట్ల కింద ఏముందో పోలీసులతో సహా అందరికీ తెలుసు. బ్యాండు సగాలు దగ్గరయ్యేసరికి, ఏళ్ల తరబడి కలిసి వాయించిన చేతులు మాట వినలేదు. ఒకరి డ్రమ్ము విని ఒకరు లయ సర్దుకున్నారు. నడిరోడ్డు మీద పాట ఒకటైపోయింది.

“నా నెత్తురు దొంగిలించినావు గదరా,” అన్నాడు ఓబులేసు.

“నీ మొగానికి నా నెత్తురు గావాల్సొచ్చెనా?” అన్నాడు వీరన్న.

రెండు వైపులా చేతులు సీట్ల కిందికి పోయాయి. నూరుల్లా కళ్లు మూసుకున్నాడు. సుబ్బరాయుడు జీపు దిగాడు.

“ఎవరూ దొంగిలించలేదప్పా. ఇద్దరిదీ ఒకటే. నాదీ, నూరుల్లాదీ గూడా అదే.”

చేతులు ఉన్నచోటే ఆగిపోయాయి. కొట్టుకోవడానికి పనికొచ్చే ముక్క ఆ మాటలో ఎవరికీ దొరకలేదు.

ఓబులేసు సుబ్బరాయుడి వైపు తిరిగాడు. “వాన్దీ నాదీ ఒకటంటే లింగాలలో నేను తలెత్తుకోలేను. ఇంగ దేని నెత్తురన్నా ఉందా సార్ నీ పుస్తకంలో?”

“గొర్రెది ఉంది. రవంత తేడా.”

“వాన్దైతే కాదు గదా?”

“కాదు.”

“అయితే నాకు గొర్రెది వాయించు.”

వీరన్న మాత్రం మనిషి నెత్తురు పాటతోనే సరిపెట్టుకున్నాడు. నూరుల్లాకు రెండు బేరాలూ దక్కాయి.

ఆ ఎన్నికల్లో గొర్రె మంచి మెజారిటీతో గెలిచింది.