పేరు పెట్టి ప్రార్థించండి, కళ్ళు గట్టిగా మూసుకోండి

పదిమంది మధ్య, గొంతెత్తి, పేరు పెట్టి మరీ ఒకరి కోసం ప్రార్థించడాన్ని మించిన సంఘసేవ ఈ లోకంలో లేదని నేను ఘంటాపథంగా చెబుతాను. దీన్ని కొందరు చాడీలు చెప్పడం అంటారు. అలా అనేవాళ్ళు ఈజిప్టులో, మిన్యా ఊళ్ళోని మా చర్చికి ఎన్నడూ రాలేదన్నమాట.

మీరే ఆలోచించండి. ఒకరి ఇంటి గుట్టు కాఫీ కొట్టు దగ్గర విప్పితే అల్లరి. బాల్కనీలోంచి విప్పితే గొడవ. అదే గుట్టును కళ్ళు మూసుకుని, "ప్రభువా" అని మొదలుపెట్టి "ఆమేన్" అని ముగిస్తే? భారం! సాటి ఆత్మ పట్ల భారం! దానికి వంక పెట్టగలిగినవాడు ఎవడైనా ఉన్నాడా?

నేను రైల్వేలో స్టేషన్ సూపరింటెండెంటుగా పనిచేసి రిటైరయినవాణ్ణి, పైగా సంఘ పెద్దను. మైకులో చెప్పిన మాట ఒక్క ప్రయాణికుడి చెవికీ ఎక్కదని ఉద్యోగంలో నేర్చుకున్నాను. మా చర్చి మైకు అలాంటిది కాదు. దాని స్పీకరు ఒకటి సందులోకి తిరిగి ఉంటుంది. లోపల మేము ఆమేన్ అనేలోపే, ఎదురుగా ఇస్త్రీ దుకాణంలో హాజీ సబ్రీ పెట్టె పక్కన పెట్టి "అయ్యో పాపం" అంటాడు. ఆయన మా మతం కాకపోయినా మా ప్రార్థనాంశాలు మాకంటే ఆయనకే బాగా గుర్తు.

ఏటా ఎండాకాలం చివర్లో మా దగ్గర ఉజ్జీవ సభలు జరుగుతాయి. రోజుకొక ప్రసంగీకుడు కైరో నుంచి దిగుతాడు. "మీరు ఆత్మీయ నిద్రలో ఉన్నారు" అని అరుస్తాడు. ఆ అరుపుకి మెలకువ వచ్చి మేము నిజమేనని తలూపుతాం. తర్వాత చల్లటి, ఎర్రటి కర్కదే పూల షర్బత్ తాగి ఇళ్ళకు పోతాం. మర్నాటికి ఇంకో ప్రసంగీకుడు, ఇంకో అరుపు.

అసలు ఉజ్జీవం ప్రసంగానికి ముందే అయిపోతుంది. దాని పేరు బహిరంగ ప్రార్థన. ఎవరైనా లేచి నిలబడి, ఎవరి కోసమైనా ప్రార్థించవచ్చు. ఫలితాలు చేతిలో పెట్టినట్టు కనిపిస్తాయి!

ఒకసారి షెరీఫ్ తల్లి లేచింది. "ప్రభువా, నా పెద్ద అల్యూమినియం గిన్నె మా పై అంతస్తులో ఎవరింట్లో ఉందో నీకు తెలుసు. వాళ్ళ మనసు మెత్తబరచు" అంది. తెల్లారేసరికి గిన్నె గుమ్మం ముందు ఉంది, తోమి మరీ. పోలీసు స్టేషనుకు వెళ్తే వచ్చేదా? పళ్ళ డాక్టరు వగ్దీ తన క్లినిక్ వాకిలికి అడ్డంగా తెల్ల కారు పెట్టే సోదరుడి రక్షణ కోసం ప్రార్థించాడు. ఆ సోదరుడు ఆమేన్ దాకా కూడా ఆగలేదు, తాళాలు తీసుకుని పరుగెత్తాడు. ఫ్యాను కింద కూర్చునేవాళ్ళు చల్లగాలి కోసం ప్రార్థిస్తే, గాలి సోకితే మెడ పట్టేసేవాళ్ళు వెంటనే లేచి దానికి విరుగుడు ప్రార్థన చేశారు. ఆ రోజు ఫ్యాను మధ్యస్థంగా తిరిగింది.

ఇన్ని అద్భుతాల్లో ఒక్కటి మాత్రం ఎంతకీ ఫలించలేదు. అది ఇవోన్ పెళ్ళి.

ఇవోన్ ఆడపిల్లల బడిలో లెక్కల టీచరు. చర్చిలో కీబోర్డు వాయించేది కూడా ఆమే. నలభై దాటింది, పెళ్ళి కాలేదు. అడగకపోయినా మేము ఆ భారం నెత్తికెత్తుకున్నాం. ప్రతి ఉజ్జీవ సభలోనూ కనీసం ఒకరైనా లేచి ఆమెకు వరుణ్ణి అడిగేవారు. ఎల్హామ్ ఆంటీ అయితే దేవుడికి వెతుక్కునే శ్రమ కూడా లేకుండా చేసింది. "సోహాగ్‌లో భార్య పోయిన ఫార్మసిస్టు ఒకాయన ఉన్నాడు తండ్రీ. సొంత ఫ్లాటు. పిల్లలు హాస్టల్లో. నీకు తెలియనిదేముంది" అని చిరునామా అంచుల దాకా వెళ్ళింది.

ఇక్కడ మా సంఘంలోని ఒక చక్కటి ఏర్పాటు చెప్పాలి. ఎవరైనా ప్రార్థిస్తుంటే వెనక కీబోర్డు మీద సన్నగా, జాలిగా ఒక రాగం వాయించాలి. అంటే ఇవోన్ తన పెళ్ళి కోసం జరిగే ప్రార్థనలకు తానే వాద్య సహకారం అందించేది! ఇంతకంటే భాగ్యం ఏముంటుంది?

పోయిన ఏడు ఎల్హామ్ ఆంటీ ఫార్మసిస్టు జీతం దగ్గరికి రాగానే రాగం ఆగిపోయింది. కళ్ళు తెరిచి చూస్తే ఇవోన్ కీబోర్డుకు గుడ్డ కప్పుతోంది. చున్నీ సర్దుకుని పక్క తలుపు గుండా వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. అప్పటి నుంచి మేము వాద్యం లేకుండా పాడుతున్నాం. ఒక్కొక్కరిది ఒక్కో శ్రుతి. హాజీ సబ్రీ తన దుకాణం తలుపు సగం మూసుకోవడం మొదలుపెట్టాడు.

ఈ పరిస్థితిలో మాకు కొత్త పాస్టరు వచ్చాడు. పేరు బహ్‌గత్. బెనీ సువైఫ్ ఊరి మనిషి, సన్నగా ఉంటాడు, టై కట్టడు. వచ్చిన రెండో ఆదివారమే ప్రసంగ వేదిక ఎక్కి, ఈసారి ఉజ్జీవ సభలకు కైరో నుంచి ఎవరినీ పిలవడం లేదని ప్రకటించాడు.

"ఉజ్జీవం రైలెక్కి రాదు" అన్నాడు.

రైల్వేలో ముప్పై ఏళ్ళు చేసినవాణ్ణి ముందు వరుసలో కూర్చోబెట్టుకుని అనవలసిన మాటేనా ఇది? అయినా ఓర్చుకున్నాను.

తర్వాత కీబోర్డు మీది గుడ్డ ఎత్తి చూసి, ఇది వాయించేవాళ్ళు ఎవరని అడిగాడు. మేము జరిగింది చెప్పాం, అంటే ఇవోన్ కృతఘ్నత గురించి చెప్పాం. ఆయన మొహం అదోలా పెట్టాడు. ఆ సాయంత్రమే ఆమె ఇంటికి బయలుదేరాడు. సంఘ పెద్దగా నేను, నాకు కాపలాగా నా భార్య ఫీబీ వెంట వెళ్ళాం.

అయిదో అంతస్తు. లిఫ్టు ఉంది, గోడకు అలంకారంగా. ఇవోన్ చేతిలో చెంచాతో తలుపు తీసింది. లోపల మంచం మీద వాళ్ళమ్మ మారీ ఆంటీ దిండ్లకు ఆని కూర్చుని ఉంది. పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది. మెడ కింద తువ్వాలు, స్టూలు మీద సూపు గిన్నె.

"రండి పాస్టరుగారూ. ఫీబీ ఆంటీ, రండి. అంకుల్, మీరు ప్రార్థన చెయ్యడానికైతే గుమ్మంలోనే ఆగండి" అంది ఇవోన్.

"అదేం మాటమ్మాయ్, నీ కోసం సంఘమంతా భారం మోస్తుంటే" అన్నాను.

"మోసింది చాలు, కాస్త దించండంటున్నాను. హాజీ సబ్రీ నా గౌను ఇస్త్రీ చేసి చేతికిస్తూ, 'సోహాగ్ ఆయన ఏమన్నాడు తల్లీ' అని అడిగాడు. బళ్ళో నేను బోర్డు వైపు తిరిగితే చాలు, వెనక బెంచీ పిల్లలు ఆమేన్ అంటున్నారు. లెక్కలు చెప్పుకునేదాన్ని అంకుల్, నన్నో ప్రార్థనాంశం చేసి కూర్చోబెట్టారు."

పాస్టరు సూపు గిన్నె ఉన్న స్టూలు పక్కకు జరిపి మంచం అంచున కూర్చున్నాడు. "మరి నీ కోసం ఏమని ప్రార్థించమంటావమ్మా?" అన్నాడు.

ఇవోన్ చెంచా గిన్నెలో పెట్టింది. "ఇన్నేళ్ళలో ఈ మాట అడిగింది మీరొక్కరే. ఇక్కడ చెప్పను. సభకు వచ్చి చెబుతాను. నా గురించి అందరూ మాట్లాడారు కదా, ఒకసారి నన్నూ మాట్లాడనివ్వండి" అంది.

ఉజ్జీవ సభలు మొదలయ్యాయి. తొలి సాయంత్రమే పాస్టరు మా కాళ్ళ కింద నేల లాగేశాడు. "ఈ వారం ఎవరి కోసం ప్రార్థించాలన్నా, ముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళి, మీకేం కావాలని అడిగి రండి. అడగనివాళ్ళు లేవొద్దు" అన్నాడు. సందులోకి తిరిగిన స్పీకరు తీగ కూడా పీకించేశాడు.

డాక్టరు వగ్దీ లేచాడు, ఎవరినీ అడగలేదని గుర్తొచ్చి, ప్యాంటు సర్దుకున్నట్టు నటించి కూర్చున్నాడు. ఎల్హామ్ ఆంటీ పెదవులు కదులుతున్నాయి గాని శబ్దం రావడం లేదు. చివరికి షెరీఫ్ తల్లి తెగించి ప్రపంచ శాంతి కోసం ప్రార్థించింది. ప్రపంచాన్ని ముందుగా అడిగి వచ్చావా అని ఎవరూ నిలదీయలేదు. ఎదుటివాళ్ళను అడగాల్సి వస్తే ప్రార్థన ఇంత కష్టమని నాకు ఆ రోజే తెలిసింది. హాజీ సబ్రీ అయితే మర్నాడు నన్ను ఆపి, ఏమయ్యా, మీ పండగ రద్దయిందా అని దిగులుగా అడిగాడు.

మూడో సాయంత్రం ఇవోన్ వచ్చింది. కీబోర్డు పక్కన నిలబడింది. మైకు ఇవ్వబోతే వద్దంది.

"నాకు మొగుడు కావాలని నేనెప్పుడూ ఎవరినీ అడగలేదు" అని మొదలుపెట్టింది. "అమ్మ మంచాన పడి మూడేళ్ళయింది. నేను బడికి వెళ్ళినప్పుడు పక్కింటావిడ చూసుకుంటుంది. మధ్యాహ్నం నుంచి మర్నాడు బడి గంట దాకా నేనే. చర్చికి వచ్చే గంట కోసం వాచ్‌మన్ భార్యను బతిమాలుకునేదాన్ని. ఆ గంటలో మీరు నాకు పెళ్ళి చేసేవాళ్ళు."

ఎవరో దగ్గారు. ఇవోన్ ఆగి మళ్ళీ అంది: "నైలు ఒడ్డు మా ఇంటికి రెండు వీధుల అవతల. దాన్ని చూసి ఎన్నాళ్ళయిందో నాకే తెలీదు. సాయంత్రాలు మీలో ఎవరైనా ఒక గంట అమ్మ దగ్గర కూర్చుంటే, నేనలా నడిచి వస్తాను. ఒక్కదాన్నే. నాకు కావాల్సింది అంతే."

పాఠకులారా, మా గుండెలు కరిగి నీరయ్యాయి! డాక్టరు వగ్దీ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. షెరీఫ్ తల్లి వెక్కి వెక్కి ఏడ్చింది. ఇక ఆలస్యం చేయకుండా, ఒకరినొకరు చూసుకునే ప్రమాదం కూడా లేకుండా, అందరం ఒక్కసారిగా కళ్ళు మూసుకున్నాం. ఇప్పుడు ఏం కావాలో అడిగే తెలుసుకున్నాం కదా, పాస్టరు పెట్టిన నియమం కూడా నెరవేరింది.

ఎంత ప్రార్థన జరిగిందని! "ప్రభువా, ఆ తల్లి దగ్గర కూర్చోవడానికి ఎవరినైనా లేపు" అన్నాడు డాక్టరు. "అయిదంతస్తులు ఎక్కగల మోకాళ్ళు ఉన్నవాళ్ళను లేపు" అని సవరించింది ఎల్హామ్ ఆంటీ. "ఇంట్లో వంట తొందర లేనివాళ్ళను" అంది షెరీఫ్ తల్లి. నేను రిటైరయ్యాక నాకు తీరికే తీరిక కనుక, అందరికంటే ఎక్కువసేపు నేనే ప్రార్థించాను.

ఆమేన్ అని కళ్ళు తెరిస్తే ప్రసంగ వేదిక ఖాళీ. కీబోర్డు దగ్గర ఇవోన్ లేదు. నా పక్కన ఫీబీ కూడా లేదు.

ఇంటికి వచ్చి చూస్తే పొయ్యి చల్లగా ఉంది. భోజనాల వేళ దాటుతుండగా ఫీబీ వచ్చింది.

"ఎక్కడికి పోయావు?" అన్నాను.

"మారీ ఆంటీ దగ్గరికి. పాస్టరు, నేను. ఆయన సూపు తాగించాడు, సగం తన చొక్కాకే తాగించాడనుకోండి. ఇవోన్ ఒడ్డుకు వెళ్ళి మొక్కజొన్న పొత్తు తింటూ వచ్చింది."

"సభ మధ్యలో లేచిపోవడమేనా? మేమంతా దేవుణ్ణి అడుగుతున్నాం. ఆయన ఎవరిని లేపుతాడో చూసేదాకా ఆగొద్దూ?"

ఫీబీ చేతిసంచి కొక్కేనికి తగిలించింది. "నాదెర్ నాన్నా, రేపు మీరు వెళ్ళాలి. ఆంటీకి చెప్పి వచ్చాను" అంది, ఎప్పటిలాగే మా అబ్బాయి పేరుతో నన్ను పిలిచి.

నన్నడక్కుండానే నా తరఫున మాట ఇచ్చేసింది. ఆడిన మాట తప్పే ఇల్లు కాదు మాది. కాబట్టి మర్నాడు వెళ్ళాను. కేవలం ఈ పద్ధతి మీద నా అభ్యంతరం తెలపడానికే వెళ్ళానని మనవి.

ఇవోన్ నాకు కుర్చీ చూపించి, నీళ్ళ గ్లాసు ఎక్కడుందో చెప్పి, మెట్లు గబగబా దిగి వెళ్ళిపోయింది. గదిలో నేను, మారీ ఆంటీ. ఏం మాట్లాడాలి? రైళ్ళ వేళలు తప్ప నాకు తెలిసిందేముంది? ఆవిడ బాగున్న చెయ్యి చాచి నా వేళ్ళు పట్టుకుంది. ఇబ్బందిగా అనిపించి, ఇలాంటప్పుడు మన ప్రార్థన మనకుండగా భయమెందుకని, కళ్ళు గట్టిగా మూసుకుని "ప్రభువా" అన్నాను.

"కళ్ళు మూయకు నాయనా" అంది ఆవిడ, వంకరపోయిన మూతితో, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ. "ఇంట్లోకి కొత్త మొహం వచ్చి ఎన్నాళ్ళయిందో. కాసేపు చూసుకోనీ."

నమ్ముతారా? సాక్షాత్తూ ఉజ్జీవ సభల వారంలో, ఒక సంఘ పెద్దను కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకోనివ్వని రోజులు వచ్చాయి!